గొయ్యి తవ్వకముందే టెండరు చదవాలి

(ఒడిశాలోని బరంపురంలో బజారు వర్తకులు, తోపుడు బండ్ల వ్యాపారుల సమావేశంలో, మునిసిపల్ పనులు చేయించి రిటైరైన ఒక సివిల్ ఇంజనీరు ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది. షాపులు కట్టేసి వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

బజారు రోడ్డు బాగుచేయమని మనమే అడుగుతున్నాం. వాన పడితే కాలువ పొంగుతుంది, నడవడానికి చోటు లేదు, నెత్తి మీద తీగలు చిక్కుపడి ఉన్నాయి. అడగడం న్యాయమే. అయితే తవ్వకం అనేసరికి అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ఆ భయంలోనూ న్యాయం ఉంది. పక్క ఊళ్లలో ఏం జరిగిందో మీరు చూశారు.

నేను ఇన్నేళ్లు పనులు చేయించి తెలుసుకున్నది మీ ముందు పెడతాను. షాపుని దెబ్బతీసేది తవ్వి వదిలేసిన గొయ్యి. పని నడుస్తున్న గొయ్యిని జనం ఎలాగో సహిస్తారు. మనిషన్నవాడు దిగని గొయ్యి పక్కన వ్యాపారం నిలబడదు. ఆ గొయ్యి ఎన్నాళ్లు అలా పడి ఉంటుందనేది జేసీబీ వచ్చిన రోజున తేలదు. అంతకు నెలల ముందే, ఎస్టిమేటులో, టెండరు కాగితాల్లో తేలిపోయి ఉంటుంది. మనం నోరు విప్పాల్సింది అప్పుడే. పని మొదలయ్యాక ఎంత అరిచినా కాంట్రాక్టరు కాగితం చూపిస్తాడు.

ఒక పని సంగతి చెప్తాను. ఊరి పేరు అనవసరం. బజారులో ఒక వైపు కాలువ కట్టాలి. కాంట్రాక్టరు మొదటి వారంలోనే ఆ వైపు మొత్తం, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తవ్వి పారేశాడు. ఎందుకంటారా? జేసీబీని ఒకేసారి పిలిపించి ఏకబిగిన తవ్విస్తే అద్దె కలిసొస్తుంది. తవ్వకానికి కొలత ముందు తీస్తారు, బిల్లు ముందు వస్తుంది. ఇక చువ్వలు కట్టే మేస్త్రి దగ్గర ఉన్నది నలుగురు. కాంక్రీటు పోయడానికి అచ్చుగా నిలబెట్టే సెంట్రింగ్ రేకులు పాతిక మీటర్లకే సరిపడా ఉన్నాయి. అంటే ఏ రోజు చూసినా పాతిక మీటర్లలో పని, మిగతా అంతా నీళ్లు నిలిచిన కందకం. ఆ కందకం మీద ఒక బట్టల షాపు ముందు రెండు సెంట్రింగ్ చెక్కలు వేశారు. మధ్యాహ్నం పూట పెళ్లి బట్టలకని ఓ కుటుంబం వచ్చింది. ముందు నడుస్తున్న పెద్దావిడ చెక్క మీద ఒక కాలు పెట్టింది, అది కదిలింది, కాలు వెనక్కి తీసుకుంది. ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఎనిమిది మందీ ఎదుటి వైపు షాపులోకి వెళ్లిపోయారు. షాపాయన అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాడు. ఆ రోజు ఆయనకు పోయిన బేరం ఏ ఎస్టిమేటులోనూ ఎక్కలేదు.

ఇందులో కాంట్రాక్టరు ఒక్కడి తప్పే ఉందని నేను అనను. ఒకేసారి తవ్వొద్దని ఆయన కాగితంలో ఎవరూ రాయలేదు. గట్టి అడ్డవంతెన వేయమనీ రాయలేదు. దానికి రేటు లేదు, రేటు లేని పని ఎవరూ చేయరు. కాబట్టి మన మొదటి కోరిక ఇది: బజారులో ఎంత పొడవు తెరవొచ్చో టెండర్లోనే రాయాలి. నా లెక్కలో ముప్పై మీటర్లు చాలు. ఆ ముక్క కట్టి, పూడ్చి, పైన మనుషులు నడిచే వీలు చేశాకే తర్వాతి ముక్క తెరవాలి. గడువు కూడా ముక్క ముక్కకీ వేరుగా ఉండాలి. మామూలుగా ‘మొత్తం పని ఇన్ని నెలల్లో’ అని ఒక్క గడువే రాస్తారు. అలాంటప్పుడు మీ షాపు ముందు గొయ్యి నాలుగు నెలలు ఉన్నా కాగితం ప్రకారం ఆలస్యమే జరగనట్టు.

లండన్లో దీనికో ఏర్పాటు ఉంది. 2012 జూన్ నుంచి అక్కడి రవాణా సంస్థ, రద్దీ రోడ్లను రద్దీ వేళల్లో తవ్వి ఆక్రమించినవాళ్ల దగ్గర రోజువారీ అద్దె వసూలు చేస్తోంది. మొదలుపెట్టినప్పుడే గరిష్ఠం రోజుకు 2,500 పౌండ్లు. రద్దీ లేని వేళల్లో చేసుకుంటే ఆ అద్దె పడదు. అంత పెద్ద ఏర్పాటు రేపే మనకు వస్తుందని చెప్పను. కానీ అందులోని న్యాయం మనం అడగొచ్చు: రోడ్డును ఆక్రమించి ఆపిన ప్రతి రోజుకూ ఒక ధర ఉండాలి. ముక్క ఆలస్యమైతే రోజుకింత కోత, ముందే పూర్తిచేస్తే కొంచెం అదనం. ఇవి రెండూ కాగితంలో ఉంటే మేస్త్రిల సంఖ్య దానంతటదే పెరుగుతుంది.

ఇప్పుడు భూమి కిందికి వద్దాం. పాత బజార్లలో కింద ఏముందో తెలియకపోవడమే ఆలస్యాలకు పెద్ద కారణం. నీళ్ల గొట్టం ఎక్కడుందో ఒక ముసలి ఫిట్టర్‌కి తెలుసు, ఆయన రిటైరయ్యాడు. మ్యాపులో ఎడమ వైపు ఉంటుంది, తవ్వితే కుడి వైపు కనబడుతుంది. జేసీబీ పన్ను తగిలి ఇంటి కనెక్షన్ సన్న గొట్టం తెగిందంటే ఆ గొయ్యి నిండా నీళ్లు, ఆ రోజు పని బంద్, మీ మేడ మీది ఇంట్లో కుళాయి బంద్. తెగిన గొట్టంలోకి కాలువ నీళ్లు పోతే వీధిలో పిల్లలకు జబ్బులు. అందుకని తవ్వకానికి ముందు, ప్రతి ముక్కలోనూ అడ్డంగా, పలుగు పారతో, మనుషుల చేత పరీక్ష గుంత తీయించాలి. సన్నటి గుంత, సగం రోజు పని. దాంట్లో కనబడిన ప్రతి గొట్టాన్నీ, కేబులునీ లోతుతో సహా కాగితం మీద ఎక్కించాలి. 2023 మార్చిలో కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ అనే యాప్ కూడా తెచ్చింది. తవ్వేవాళ్లు అందులో చెప్తే, కింద కేబుళ్లు, గొట్టాలు ఉన్న సంస్థలకు కబురు వెళ్తుంది. మంచిదే, వాడమందాం. కానీ మన బజారులాంటి చోట యాప్ మీద నాకున్న నమ్మకం కంటే పరీక్ష గుంత మీద ఉన్న నమ్మకం ఎక్కువ.

రోడ్డు వేసిన నెలకే ఫోన్ల కంపెనీవాళ్లు వచ్చి మళ్లీ కోస్తారు. దీనికి మందు బెంగళూరులో చూశాం. అక్కడ టెండర్‌ష్యూర్ పేరుతో రెసిడెన్సీ రోడ్డు, కన్నింగ్‌హామ్ రోడ్డు లాంటివి తిరగవేసినప్పుడు, కేబుళ్లన్నిటికీ ఫుట్‌పాత్ కింద గొట్టాల దారి ముందే వేసి, మధ్యమధ్యలో మూతలున్న గదులు కట్టారు. కొత్త కేబుల్ కావాలంటే మూత తీసి లాక్కుంటారు, రోడ్డు కోయరు. చర్చి స్ట్రీట్ కూడా 2017లో తవ్వి, 2018లో రాతి పరుపుతో తెరిచారు. కిలోమీటరు కూడా లేని ఆ వీధికే గడువులు జరుగుతూ వచ్చాయి, అక్కడి వ్యాపారులు చాలా ఇబ్బంది పడ్డారు. ఇవాళ ఆ వీధిలో మనుషులు నడుస్తుంటే చూడ్డానికి బాగుంటుంది. ఫలితం మంచిదయింది కదా అని మధ్యలో జరిగిన బాధను లెక్కలోంచి తీసేయకూడదని నా అభిప్రాయం.

క్రమం గురించి ఒక్క మాట. లోతైనది ముందు. మురుగు లైను ఉంటే అన్నిటికంటే కింద అది, దానికి దూరంగా, ఎత్తున నీళ్ల గొట్టం, ఆపైన కేబుళ్ల గొట్టాలు, చివర పైపరుపు. పూడ్చేటప్పుడు మట్టి ఒకేసారి గుమ్మరించకుండా పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాలి. ఇది చేయని చోటే తొలి వానకి రోడ్డు కుంగి, ఆటో చక్రం దిగిపోతుంది. మీ షాపు ముందు పూడుస్తున్నప్పుడు మీరు చూడగలిగేది ఇదొక్కటే, దయచేసి చూడండి.

కాలువ విషయంలో మనం గట్టిగా పట్టుబట్టాల్సింది ప్రీకాస్ట్, అంటే వేరేచోట ముందే పోసి తెచ్చే కాంక్రీటు ముక్కలు. అక్కడికక్కడే కాంక్రీటు పోస్తే ఏమవుతుందో చెప్తాను. పోసిన కాంక్రీటును మామూలు సిమెంటయితే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే 10 రోజులు తడిపి ఉంచాలని మన దేశ ప్రమాణమే చెబుతోంది. దాని పూర్తి బలం 28 రోజులకు లెక్కగడతారు. ముందు అడుగు బెడ్డు, తర్వాత రెండు గోడలు, తర్వాత పైన పలక. ప్రతిదానికీ ఈ ఎదురుచూపు ఉంటుంది. అందరూ తొందరపెడితే తడి కోసం కప్పిన గోనెపట్టాలు తీసేస్తారు, కాంక్రీటు పగుళ్లిస్తుంది. అదే కాలువ పెట్టెల్ని, మూత పలకల్ని ఊరి బయట యార్డులో పోసి, అక్కడే తడిపి, గట్టిపడ్డాక తెచ్చారనుకోండి. రాత్రి క్రేన్‌తో దింపి, అతుకులు పూడ్చి, పొద్దున పలక మీద నుంచి మనిషి నడిచి షాపులోకి వస్తాడు. మీటరు ధర ఎక్కువవుతుంది, కాదనను. ఆ ఎక్కువ కార్పొరేషన్ భరించాలి. ఇప్పుడు తక్కువ ధర పేరుతో ఆ తేడాను మీ గల్లాపెట్టెలు భరిస్తున్నాయి.

అక్కడెవరో అడుగుతున్నారు, రోడ్డు ఎత్తు సంగతి. సరిగ్గా అడిగారు. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మిగతా ఇబ్బందులన్నీ పని అయ్యాక పోతాయి, ఇది మాత్రం జీవితాంతం ఉండిపోతుంది.

పాత రోడ్డు తీయకుండా దాని మీదే కొత్త పొర వేయడం అలవాటైపోయింది. ఒక్కో పొరతో రోడ్డు పైకి లేస్తుంది, మీ గడప అక్కడే ఉంటుంది. మన బజారులోనే పాత షాపుల్లోకి వెళ్లాలంటే మెట్లు దిగాలి. వాటిని కట్టినప్పుడు అవి ఎక్కే మెట్లు! వాన పడితే రోడ్డు నీళ్లు గడప దాటి లోపలికొస్తాయి, కింది అరలో పట్టు బేళ్లు తడుస్తాయి. కాబట్టి పాత పరుపు పూర్తిగా తీసేసి, గడపల ఎత్తు ఆధారంగా కొత్త రోడ్డు ఎత్తు నిర్ణయించాలి. పద్ధతి ఇలా ఉండాలి: టెండర్ పిలవకముందే సర్వే మనుషులు లెవెల్ మిషనుతో వచ్చి, ప్రతి షాపు గడప ఎత్తు రాసుకుని, పూర్తయిన రోడ్డు ఎక్కడికి వస్తుందో మీ గోడ మీద రంగుతో గీత గీయాలి. ఆ గీత మీ గడపకి పైన పడితే అప్పుడే అభ్యంతరం రాసివ్వండి. గీతను ఫోటో తీసి ఉంచుకోండి. కాంక్రీటు పోశాక ఎత్తు తగ్గించగల మొనగాడు ఎవరూ లేడు.

ఎప్పుడు తవ్వాలి? ఇది మీకు తెలిసినంతగా ఇంజనీర్లకు తెలియదు, అందుకే మీరు చెప్పాలి. జూన్ రెండో వారం దాటాక మనకు వానలు, తెరిచిన కందకం ఉండకూడదు. అక్టోబరు తుఫాన్ల నెల. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు సరిగ్గా దసరా రోజులు. అలాంటి రాత్రి బజారులో గోతులు తెరిచి ఉంటే ఏమై ఉండేదో ఊహించుకోండి. దసరా, దీపావళి బేరాలు వదులుకోలేం. రెండేళ్లకోసారి వేసవిలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర వస్తుంది. వేషాలతో, డప్పులతో వేలమంది, తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ, రాత్రిళ్లు వీధుల్లో ఉంటారు. యాత్ర ఉన్న ఏడాది ఆ రోజుల్లో ఒక్క గజం కూడా తెరవొద్దని ముందే రాయించాలి. మిగిలింది దీపావళి తర్వాత నుంచి వానల ముందు దాకా. అందులోనూ మాఘం, ఫాల్గుణం, వైశాఖం పెళ్లిళ్లు. పట్టు షాపుల ముందు తవ్వాలంటే ధనుర్మాసం మంచిది. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మనకూ, ఒడియావాళ్లకూ ముహూర్తాలు ఉండవు. పట్టు బేరం మామూలుగానే పలచగా ఉంటుంది. రెడీమేడ్ బట్టలవాళ్లకి అదే సంక్రాంతి సీజను, వాళ్ల ముందు అప్పుడు వద్దు. కిరాణావాళ్లకి ఏ నెలైనా ఒకటే, వాళ్లు వేరే నెల సర్దుకుంటారు. ముప్పై మీటర్ల ముక్కలు చేసుకుంటే ఈ సర్దుబాటు సాధ్యమవుతుంది. మొత్తం వీధి ఒకేసారి తవ్వితే ఎవరికీ సాధ్యం కాదు.

ఇంకో సంగతి. మన బజారులో సగం బేరం బరంపురం జనంతో నడిచేది కాదు. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట నుంచి సరిహద్దు దాటి వస్తారు, చికిటి నుంచి, దిగపహండి నుంచి వస్తారు. ఆసుపత్రి పనికి ఎంకేసీజీకి వచ్చి, తిరిగి వెళ్తూ చీర కొని, అప్పడాలు కట్టించుకుని బస్సెక్కుతారు. ఊళ్లోవాడు ఈ సందు మూస్తే ఆ సందులోంచి వస్తాడు. బయటి నుంచి వచ్చినవాడికి సందు తెలియదు. ఒకసారి బారికేడు చూసి వెనక్కి తిరిగితే మరుసటిసారి శ్రీకాకుళం వెళ్తాడు, లేదా ఫోన్‌లో ఆర్డరు పెడతాడు. అందుకని బస్సు దిగే చోటే దారి చూపించే బోర్డు ఉండాలి. ఒడియాలోనూ, తెలుగులోనూ ఉండాలి. ‘పని జరుగుచున్నది’ అని మాత్రమే రాస్తే బజారు మూశారనుకుంటారు. షాపులు తెరిచే ఉన్నాయి, ఈ సందు నుంచి రండి అని పెద్ద అక్షరాలతో రాయించాలి. ఆ బోర్డుల ఖర్చూ టెండర్లో ఒక ఐటెంగా ఉండాలి.

రాత్రి పని గురించి కొందరు అడిగారు. క్రేను దించుడు, పలకలు పరచడం, కంకర తోలడం రాత్రి చేయించుకోవచ్చు. కానీ మన షాపుల మీదే ఇళ్లున్నాయి. పసిపిల్లలు, ముసలివాళ్లు పడుకుంటారు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రాత్రి వేళ, వ్యాపార ప్రాంతంలో అప్పుడు 55 డెసిబెల్స్ మించకూడదు. కాంక్రీటు పగలగొట్టే బ్రేకరు ఆ పరిమితిలో ఉండదు. పగలగొట్టేవి పొద్దున షాపులు తెరవకముందు ముగించాలి.

తోపుడు బండ్లవాళ్ల మాట. వీళ్లు ఈ సమావేశానికి వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఎప్పుడు రోడ్డు పని వచ్చినా ముందు పోయేది వీళ్లే, తిరిగి రానివాళ్లూ వీళ్లే. పని అయ్యాక అక్కడ పూలకుండీలు ఉంటాయి, పూలమ్మే ఆవిడ ఉండదు. 2014 వీధి వ్యాపారుల చట్టం వీళ్లకు హక్కు ఇచ్చింది. కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వీధి వ్యాపారుల విషయాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు. కాబట్టి ఎవరి బండి ఏ అంగుళంలో ఉందో ఇప్పుడే పేర్లతో, ఫోటోలతో జాబితా తయారుచేసి కమిటీకి ఇద్దాం. పని నడిచే రోజుల్లో ఎక్కడ పెట్టుకోవాలి, అయ్యాక ఎక్కడికి తిరిగి రావాలి, రెండూ అందులో ఉండాలి. షాపులవాళ్లకి నా విన్నపం: బండ్లు పోతే మనకి చోటు దొరుకుతుందని అనుకోకండి. ఆకుకూర కొనడానికి రోజూ వచ్చే ఇల్లాలే పండగకి మీ షాపులో బట్టలు కొంటుంది.

పని పూర్తయ్యాక సరుకు దింపుకోవడం ఎలా అన్నదీ ముందే తేల్చుకోవాలి. ఢిల్లీలో చాందినీ చౌక్ చూడండి. ఎర్రకోట ఎదుట నుంచి ఫతేపురి మసీదు దాకా 1.3 కిలోమీటర్లు. 2018 డిసెంబరులో పని మొదలుపెట్టి, మధ్యలో కరోనా వచ్చి, 2021 సెప్టెంబర్ 12న ప్రారంభించారు. ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా మోటారు బండ్లు రాకూడదు. నడిచేవాళ్లకు హాయిగా ఉంది, టోకు వ్యాపారులు మాత్రం సరుకు దింపుడంతా రాత్రికి, తెల్లవారుజాముకి మార్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర లారీ ఏ వేళకి, ఏ మూల ఆగాలో డ్రాయింగులోనే గుర్తు పెట్టించుకుందాం.

ఖర్చు పెరుగుతుంది, కార్పొరేషన్ ఒప్పుకోదు అంటున్నారు కొందరు. పెరుగుతుంది. అడ్డవంతెనలకి, బోర్డులకి, రెయిలింగులకి, దుమ్ము మీద నీళ్లు చల్లడానికి డబ్బవుతుంది. మూసిన రోజులకు పన్ను మాఫీ అడుగుదామని ఇంకొందరు అంటున్నారు. అడగండి, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. మాఫీ వచ్చేది ఏడాది తర్వాత, పెద్దావిడ చెక్క మీద నుంచి కాలు వెనక్కి తీసుకునేది ఇవాళ. రెయిలింగున్న గట్టి ఇనుప వంతెన, మీటరున్నర వెడల్పుతో, ప్రతి షాపు ముందూ కావాలి. ముందు దాని కోసం పోట్లాడదాం.

నేను మాట్లాడాల్సింది అయింది. అక్కడ బల్ల మీద కాగితాలు పెట్టించాం, ఒడియాలోనూ, తెలుగులోనూ ఉన్నాయి. మీ షాపు ముందు వెడల్పు, గడప ఎత్తు, నీళ్ల కనెక్షన్ ఎటు నుంచి వస్తుంది, సరుకు ఏ వేళకి దిగుతుంది, ఏ నెలలో తవ్వితే మీకు నష్టం తక్కువ, ఇవి రాసి సంతకం పెట్టండి. బండ్లవాళ్లు వెనక వైపున్నది నింపండి. రాయడం రానివాళ్లు మొహమాటపడకండి, మా కుర్రాళ్లు రాసిపెడతారు. అన్నీ కలిపి ఎస్టిమేటు తయారు కాకముందే ఇంజనీరు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుందాం. ఇప్పుడు మీరు అడగండి.